బండ చల్లిన అక్షింతలు

ఆ పొద్దు క్వారీ ఆఫీసులో వీఆర్ పెట్టెను కళ్ళకు తగిలించుకునే ముందు నేను నవ్వాను. శాంతిపురం క్వారీలో ఇరవై రెండేళ్ళుగా బండకు చిల్లులు వేస్తున్నవాణ్ణి. నాకే కళ్ళు మూసి బండను చూపిస్తారట. శిక్షణ ఇవ్వడానికి మదనపల్లి నుంచి వచ్చిన కీర్తి అనే అమ్మాయి పలక పట్టేనాటికే నేను డ్రిల్లు పట్టాను.

తగిలించుకోగానే నవ్వు ఆగిపోయింది. ఎదురుగా అచ్చం మా క్వారీ. నిలువెత్తు బండ, ఎండ, దుమ్ము. పని మొదలుపెట్టమంది కీర్తి. రోజూ చేసేదే చేశాను. లేని హెల్మెట్ తీసినట్టుగా చెయ్యి తలమీదికి పోయింది, బండకు దండం పెట్టుకోవడానికి తల వంచాను. మా దగ్గర అందరిదీ అదే అలవాటు. నా జోడీ వాజిద్ కూడా బండను తాకి, బిస్మిల్లా అనుకున్నాకే డ్రిల్లు ఎత్తుతాడు.

తల ఎత్తేసరికి బండ నామీదికి వస్తోంది. గట్టిగా అరిచి, ఆఫీసు నేలమీద వెల్లకిలా పడ్డాను.

కీర్తి పెట్టె తీసి నీళ్ళిచ్చింది. బండ పడేముందు మూడుసార్లు పైనుంచి పొడి రాలిందట. తల వంచుకున్నాను కాబట్టి నేను చూడలేదు.

"పొడి రాల్తాండాదంటే పైన బండ వదులైనట్టన్నా. ఆడ నిలబడగూడదు" అంది.

దండం పెట్టేటప్పుడు మెడమీద పడే రాతిపొడిని మేం అక్షింతలంటాం. బండ దీవించిందని దులుపుకోకుండా పనిలోకి దిగుతాం. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. ఆ పొద్దు కూడా, ఆఫీసుకు రాకముందు, నా మెడమీద గుప్పెడు పడింది. మంచి శకునమని వాజిద్‌కు చెప్పి, అతణ్ణి అక్కడే పనిలో పెట్టి వచ్చాను.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. వాజిద్ ఆ బండ కిందే ఉన్నాడు. డ్రిల్లు మోతలో నా కేక అతనికి వినబడదు. పిలవాలంటే నేనూ ఆ కిందికి పోవాలి. పోలేకపోయాను. దాచుకోవడం దేనికి, భయపడ్డాను. పక్కనే ఉన్న కంప్రెసర్ దగ్గరికి పోయి డ్రిల్లుకు పోయే గాలి కట్టేశాను.

మోత ఆగింది. వాజిద్ డ్రిల్లు అక్కడే వదిలి, కోపంగా ఇటు తిరిగాడు.

"యాల ఆపినావు కొండప్పా? సిల్లు సగంలో ఉండాది."

"ముందు నువ్వు ఈడికి రా" అన్నాను. బండ సంగతి చెబితే అక్కడే నిలబడి పైకి చూస్తాడని చెప్పలేదు.

తిట్టుకుంటూ, తీరిగ్గా నడిచి వచ్చాడు. అతని ఒక్కో అడుగుకూ నా ప్రాణం పోయి వచ్చింది. నా దగ్గరికి చేరి మళ్ళీ ఏదో అడగబోతుండగా, వెనక పెళ్ళుమని చప్పుడైంది. దుమ్ము అణిగాక చూస్తే లారీ అంత బండ కింద పడి ఉంది. డ్రిల్లు కనబడలేదు.

ఇద్దరం అక్కడే కూలబడ్డాం. వాజిద్ మెడమీద, భుజాల మీద రాతిపొడి తెల్లగా పేరుకుని ఉంది. ఎప్పటినుంచి పడతాండాదని అడిగాను.

"పొద్దున్నించీ పడతానే ఉండాది. మంచిదే అంటివి గదా" అన్నాడు.

దులుపుదామని చెయ్యి ఎత్తాను. ఇన్నేళ్ళూ దులపని ఆ పొడిని అతని మెడమీంచి మొత్తం దులిపేశాను.