ఒకే బకెట్‌లో గుల్లలు

లియోనీ ట్రెజైజ్ కొస వంచిన ఇనుపతీగను పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గుల్లలోకి దించి, లోపలి గోడ వెంబడి అడుగుదాకా మెల్లగా గీస్తూ తల ఒక పక్కకి వాల్చింది. ఈ పనిలో వినడానికేమీ లేదు. లోపల ఎక్కడైనా ఇత్తడి పలచబడి గాడి పడి ఉంటే తీగ కొస అందులో తట్టుకుంటుంది, అది వేలికే తెలుస్తుంది. అయినా ఆమెకి అదొక అలవాటు. కుళాయి విప్పినా, పంపు బిగించినా ముందు తల వాల్చాల్సిందే. తీగ ఎక్కడా తట్టుకోలేదు. గుల్లను గుడ్డ మీద నిలబెట్టి ఇంకోటి అందుకుంది.

రేకుల షెడ్డు అప్పుడే వేడెక్కుతోంది. లియోనీ పొట్టి మనిషి. అరవై దాటినా భుజాలు దిట్టంగా ఉంటాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో పైపు కింద నలిగి నల్లబడి, మళ్ళీ తెల్లబడే ఉద్దేశం మానుకుంది. నెరిసిన జుట్టును వంటింటి కత్తెరతో తనే కత్తిరించుకుంటుంది, అది చూస్తేనే తెలుస్తుంది. శనివారమైనా ఒంటి మీద తను కుళాయిలూ పంపులూ చూసే కౌన్సిల్ వాళ్ళ పసుపు చొక్కానే. యారిండా ఊళ్ళో నీళ్ళు వస్తున్నంత కాలం ఆమె ఎవరికీ గుర్తుకు రాదు. నీళ్ళు ఆగితే మాత్రం ఊరంతా ఆమె పేరే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా విసుగెత్తి మానేశారు.

ఆమెకున్న ఒకే ఒక్క సరదా రైఫిల్ క్లబ్బు. అందులోనూ తూటాలు పేల్చడం కన్నా, పేలిన గుల్లల్ని కడిగి, సరిచేసి, కొత్తగా మందూ గుండూ పెట్టి నింపడమే ఆమెకి ఇష్టం. తనవి నింపుకునేది, బావవీ నింపేది. బావ అంటే డెన్జిల్ రోవెట్, అక్క గ్వెండా మొగుడు. ఇద్దరి దగ్గరా పాత యుద్ధకాలపు రైఫిళ్ళే, రెండూ ఒకే రకం తూటా తినేవి. కాబట్టి ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరి గుల్లలూ ఒకే బకెట్‌లో పడేవి. ఎవరిది ఏదని ఎవరూ చూసుకోలేదు.

ఈ మధ్య డెన్జిల్ రైఫిల్‌లో గుల్లలు విరగడం మొదలైంది. అడుగుభాగం ఒక్కటే బయటికి వచ్చి, మిగతాది లోపలే ఇరుక్కునేది. ఒకసారి వేడిగాలి చెంప మీదికి ఎగదన్నింది. కళ్ళద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. క్లబ్బులో కాల్పుల బాధ్యత చూసే రోల్ఫ్ షిర్మర్ ఆ రోజు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఇంకొక్క గుల్ల విరిగిందంటే ఆ తుపాకి మళ్ళీ కాల్పుల లైను మీదికి రాకూడదు. రోల్ఫ్ చెడ్డవాడు కాదు, చెప్పిందీ తప్పు కాదు.

తుపాకి ముసలిదైపోయిందని అందరూ అన్నారు. లియోనీకి మాత్రం నమ్మబుద్ధి కాలేదు. గుల్లలు పాతవేమోనని, రోల్ఫ్ ఆ మాట అనకముందే కొత్తవి తెప్పించింది. నాలుగోసారి నింపేసరికి అవీ విరిగాయి. మందు ఎక్కువైందేమోనని తగ్గించి చూసింది. అయినా విరిగాయి. ఒక సాయంత్రం డెన్జిల్ తుపాకిలో పేలిన గుల్లనూ, తన తుపాకిలో పేలిన గుల్లనూ ఊరికే పక్కపక్కన నిలబెట్టింది. బావ గుల్ల భుజం, అంటే మెడ కింద సన్నబడే చోటు, గోరుమందం పైకి ఉంది. చేతిలో ఉన్న బిస్కెట్ అలాగే పట్టుకుని లేచి నిలబడిపోయింది.

బావ తుపాకిలో తూటా కూర్చునే గది కాస్త వదులు. పేలినప్పుడల్లా గుల్ల ఆ గదికి సరిపడా సాగుతుంది. బకెట్ ఒకటే కదా, గుల్ల తన తుపాకిలోనూ పట్టాలి. అందుకని ఆమె దాన్ని ప్రెస్సులో పెట్టి మెడా భుజాలూ మొత్తం నొక్కి మళ్ళీ పొట్టి చేసేది. అది మళ్ళీ పేలేది, మళ్ళీ సాగేది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో పంపులు బాగుచేసే మనిషికి ఒకరు చెప్పాలా? తుపాకి మంచిదే, ఇత్తడీ మంచిదే. చెడింది ఉమ్మడి బకెట్ వల్ల.

ఆ మర్నాడే రెండో బకెట్ కొని బావ పేరు రాసింది. బావకని విడిగా కొత్త గుల్లలు తీసింది. మొదటిసారి పేల్చేటప్పుడు ఒక్కో గుల్ల అడుగు అంచుకి పైన కుళాయిల్లో వాడే సన్న రబ్బరు రింగు తొడిగింది, గుల్ల వెనక్కి ఆనుకుని ఉండి, సాగాల్సింది భుజం దగ్గరే సాగాలని. ఆ తర్వాత భుజాల జోలికి పోకుండా మెడ ఒక్కటే నొక్కుతూ వచ్చింది. పలుమార్లు పేలిన ఒక గుల్లను రంపంతో నిలువునా కోసి చూసింది. లోపలి గోడ ఎక్కడా పలచబడలేదు.

"ఏంటే మరదలా, ఇన్నేళ్ళకి వేరు కాపురం పెట్టావంట?"

డెన్జిల్ షెడ్డు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అతని ఇంటి నుంచి ఇక్కడిదాకా నాలుగు ఇళ్ళే. అంత దూరానికే ఊపిరి అందడం లేదు. జీవితమంతా గోధుమ గాదెల దగ్గర పనిచేసి ఆ దుమ్మంతా రొమ్ములో నింపుకున్నాడు. కోతలొస్తే ఈ ఊళ్ళో ఉండొద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పింది. కోతలు వచ్చేశాయి. ఈ సాయంత్రమే మొగుడూ పెళ్ళాలు సామానుతో అడిలైడ్ వెళ్ళిపోతున్నారు. ఇవాళ్టి పోటీయే అతనికి ఆఖరిది.

"పెట్టాను. నీ గుల్లలు ఒళ్ళు చేశాయి బావా, నా ఇంట్లో పట్టడం లేదు."

"మీ అక్క చేతి వంట తిన్నాయేమో."

"అక్కకి చెప్తానుండు."

"చెప్పు. ఎలాగూ దారంతా తిట్టుకుంటూనే వస్తుంది. దానికీ ఓ సందర్భం ఉండాలిగా." దగ్గు తెర తగ్గేదాకా ఆగి, గొంతు దించి అడిగాడు. "నిజం చెప్పు. విరగవు కదా?"

"విరగవు" అంది లియోనీ. విరిగితే అతను చివరి రోజున తుపాకి సంచిలో పెట్టుకుని, అందరి ముందూ లేచి నడిచిపోవాలి. అంతకన్నా ముందు, ఆ చెంప పక్కన పేలేది తను నింపిన తూటా.

పోటీకి వెళ్ళే దారిలో ఆటస్థలం దగ్గర కుళాయి కారుతోందని ఫోనొచ్చింది. లియోనీ బండి ఆపి, తల వాల్చి విని, వాషరు మార్చి, మోకాళ్ళు దులుపుకుంది. అక్కడ ఆడుకుంటున్న వాళ్ళలో ఒక్కరూ ఇటు చూడలేదు. ఆమె కూడా చూస్తారని అనుకోలేదు.

క్లబ్బు కాల్పుల మైదానంలో ఎర్రజెండా ఎగురుతోంది. కోసిన గోధుమ మొదళ్ళ మీద గులాబీరంగు చిలకలు గుంపుగా వాలి, మొదటి పేలుడుకే తిట్టుకుంటూ లేచిపోయాయి. లియోనీ చాప డెన్జిల్ చాప పక్కనే. బోర్లా పడుకున్నాక డెన్జిల్‌కి ఊపిరి కాస్త నెమ్మదించింది. వీళ్ళ వెనకాల రోల్ఫ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి తూటా పేలింది. డెన్జిల్ బోల్టు వెనక్కి లాగాడు. గుల్ల పూర్తిగా బయటపడి చాప మీద దొర్లింది. లియోనీ తన గురి వదిలేసి దాన్నే చూసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అవతల దెబ్బ ఎక్కడ తగిలిందో చూపే పలక ప్రతిసారీ నల్లచుక్క నడిమధ్యనే చూపిస్తోంది.

"నువ్వు నీది కాల్చుకోవే" అన్నాడు డెన్జిల్ కన్ను తిప్పకుండానే. "నా గుల్లలకి కాపలా అక్కర్లేదు."

ఆమె కాల్చింది. గురి పక్కకి పోయింది.

సగం దాటాక ఒక తూటా దగ్గర బోల్టు మూతపడలేదు. డెన్జిల్ అరచేత్తో కొట్టబోయాడు. రోల్ఫ్ అడుగు ముందుకేశాడు. సంగతేమిటో లియోనీకి వెంటనే అర్థమైంది. భుజం వదిలేసి మెడే నొక్కుతూ పోతే ఏదో ఒక గుల్ల గదికి మరీ సరిగ్గా పట్టేస్తుంది. ఇది బిగువు, పలచబడటం కాదు.

"కొట్టకు బావా! బలవంతం చెయ్యకు. దాన్ని తీసి పక్కన పెట్టు, అదనంగా రెండు తెచ్చాను. రోల్ఫ్ బాబూ, కాస్త బిగిసింది, అంతే. విరగలేదు. కావాలంటే చూసుకో."

రోల్ఫ్ ఆ తూటాని అందుకుని చుట్టూ తిప్పి చూశాడు. "దీన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను. ఇంకోటి పెట్టండి డెన్జిల్ గారూ. నెమ్మదిగా కానివ్వండి."

డెన్జిల్ నెమ్మదిగానే కానిచ్చాడు. మిగతా తూటాలు ఒక్కొక్కటే పేలాయి. చివరిది పేలాక అతను బోల్టు లాగలేదు. చెంప తుపాకి కర్రకి ఆనించి అలాగే కాసేపు పడుకున్నాడు. తర్వాత లాగాడు. గుల్ల సాంతం బయటికొచ్చి లియోనీ మోచేతికి తగిలింది, చురుక్కుమంది. ఆ చురుకు ఆమెకి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. గట్టిగా కేక పెట్టింది. క్లబ్బులో ఆమె కేక వినడం అదే మొదలు కాబట్టి అవతలివాళ్ళు తుపాకులు దించి మరీ చూశారు.

రోల్ఫ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె ఇనుపతీగనే అడిగి తీసుకుని, ఒక్కో గుల్లలో దించి గీశాడు. ఒక్కదానిలోనూ తట్టుకోలేదు. లేచి టోపీ తీశాడు.

"తుపాకికి ఏ రోగమూ లేదు లియోనీ అక్కా."

"నేనదే కదయ్యా మొత్తుకుంది!"

పాత రైఫిళ్ళ వరసలో డెన్జిల్ మొదటివాడు. లియోనీ కిందనుంచి రెండోది. అలా ఓడిపోయినందుకు ఆమె ముఖం సంతోషంతో చేటంత అయింది. లోపల మాంసం కూరిన వేడివేడి పేస్టీల పళ్ళెం చుట్టూ జనం మూగారు. రోల్ఫ్ సన్న పెట్టె తెరిచి, క్లబ్బు గుర్తు చెక్కిన వెండి టీ చెంచా డెన్జిల్ చేతిలో పెట్టాడు. ఇక్కడ గెలిచినవాళ్ళకిచ్చేది అదే. డెన్జిల్ వంటింటి సొరుగులో అలాంటివి డజను పైనే ఉంటాయి. ముప్ఫై ఏళ్ళలో లియోనీకి ఒక్కటీ రాలేదు.

"మాట్లాడు, మాట్లాడు" అని అరిచారు.

"మాట్లాడటానికి ఊపిరెక్కడిది?" అన్నాడు డెన్జిల్. "మా మరదలు మాట్లాడుతుంది."

లియోనీ సిగ్గుతో టీ కప్పు ముఖానికి అడ్డం పెట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు డెన్జిల్‌కి కాదని ఆమెకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆ సందట్లోనే గ్వెండా కారు వచ్చింది. వెనక ట్రైలర్‌లో మంచం, కుర్చీలు, తలకిందులుగా కట్టిన బల్ల.

"అయిందా మీ టపాకాయల పండగ?" అంటూ దిగి, చెల్లెల్ని గట్టిగా కావలించుకుంది గ్వెండా. చాలాసేపు వదల్లేదు. "ఆ గుల్లల ముందు కూర్చుని తిండి మర్చిపోకు."

"నువ్వు దారంతా ఆయన్ని తిట్టకు."

"తిట్టకపోతే నిద్రపోతాడే."

తుపాకిని క్లబ్బు బీరువాలోనే ఉంచమని డెన్జిల్ రోల్ఫ్‌తో చెప్పాడు. తర్వాత చాప దగ్గరికి వెళ్ళి, వంగి, ఇవాళ పేలిన గుల్లలన్నీ ఏరి చొక్కా జేబులో పోసుకుని గుండీ పెట్టుకున్నాడు. నడుస్తుంటే అవి గలగలమన్నాయి.

"అవెందుకు బావా? అక్కడ నింపేదెవరు?"

"నింపడానికి కాదులేవే."

డెన్జిల్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, వంకరగా కత్తిరించిన ఆ జుట్టుని చెదరగొట్టి కారెక్కాడు. కారు దుమ్ము రేపకుండా గ్వెండా చాలా నెమ్మదిగా నడిపింది. రోడ్డు మలుపుదాకా లియోనీ చెయ్యి ఊపుతూనే ఉంది. ఏడుపొస్తోంది, దాంతోపాటు నవ్వూ వస్తోంది. బావ లైను మీద నుంచి లేచి వెళ్ళిపోలేదు, గెలిచి వెళ్ళాడు.

జెండా దించారు. చిలకలు మళ్ళీ పొలంలో వాలాయి. లియోనీ చాపలు చుట్టి, సంచి సర్దుకుని, బల్ల మీద వదిలేసిన తన కప్పు కోసం వెనక్కి వచ్చింది. సగం తాగిన టీ చల్లారిపోయింది. అందులో వెండి చెంచా నిలబెట్టి ఉంది.