నమూనా డబ్బాలో లేతపచ్చ

గాలాల కొట్టాయనతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, వంటగదిలో ఉన్న మా అక్కకు వినబడేలా, "ఎరలు చెడిపోయాయంట" అని కేకేశాను. మా అక్క అత్తగారికి ఒక చెవి పూర్తి సెలవులోనూ, రెండోది సగంపూట డ్యూటీలోనూ ఉంటాయి. ఆవిడకి ఆ మాట "నరాలు చెడిపోయాయంట" అని చేరింది.

"ఎవరివిరా నరాలు?" అంటూ మంచం దిగిపోయింది. "మావాడివేనా?"

"నరాలు కాదత్తయ్యా, ఎరలు. బావ రంగు కలిపిన ఎరలు. ఆకుపచ్చ అడిగితే బురద రంగు వచ్చిందంట."

నరాల గొడవ అక్కడికి తేలింది. కానీ ఆవిడ మళ్ళీ మంచమెక్కుతూ ఒక మాట తనలో తను అనుకుంది. ఆవిడ తనలో తను అనుకునేది వీధి మలుపు దాకా వినిపిస్తుంది.

"వీడి నాన్న కళ్ళకీ రంగులతోనే మొదలైంది. ముందు పచ్చ పోయింది. తర్వాత మొహాలు పోయాయి."

వెనకగదిలో అచ్చులు తుడుస్తున్న మా బావ చేతిలో గుడ్డ ఆగిపోవడం చూశాను.

ఆ వెనకగదే మా కార్ఖానా. వానపాముల్లా, చిరుచేపల్లా మెత్తగా వంగే ప్లాస్టిక్ ఎరలు పోస్తాం. డబ్బాలో పాలలా ఉండే ద్రవాన్ని వేడి చేస్తే తేటగా అవుతుంది. అందులో రంగు చుక్కలేసి అచ్చులో పోస్తే, చల్లారాక వేలితో నొక్కితే జారిపోయే ఎర వస్తుంది. పోత నాది, రంగు బావది, సర్దుడు అక్కది. ముగ్గురిలో నా పనికే ఎప్పుడూ పోత, మిగతావాళ్ళకి రాబడి అని అంటుంటాను. ఎవరూ నవ్వరు, అలవాటైపోయింది.

రంగు మాత్రం నవ్వులాట కాదు. బావ ఒక చెరువుకి ఎర చేయాలంటే ముందు ఆ నీళ్ళు గాజుసీసాలో పట్టుకొచ్చి కిటికీలో పెడతాడు. బురదనీళ్ళైతే ముదురు రంగు, తేటనీళ్ళైతే వెలుతురు దూరిపోయే లేత రంగు. కలిపిన ఎరని ఆ సీసాలో వేలాడదీసి, చేప ఎంత దూరంలో ఉంటుందో అంత వెనక్కి జరిగి చూస్తాడు. నచ్చితే ఒకటి నమూనాగా దాస్తాడు. మళ్ళీ అదే రంగు కావాలంటే, కంటిని కాదు, నమూనానే నమ్మాలి. గుర్తుంచుకున్న రంగు గుర్తులోనే మారిపోతుందని ఆయన సిద్ధాంతం.

మర్నాడు కొట్టాయన స్వయంగా వచ్చాడు. తన పెట్టెలో మిగిలిన పాత ఎర ఒకటి, మేం పంపిన కొత్తది ఒకటి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పాతది చిగురాకులా ఉంది, వెనక వేలు పెడితే గోరు కనిపించేంత తేట. కొత్తది మురిగిన కుంట నీళ్ళలా ఉంది.

"నమూనా చూసే కలిపాను" అన్నాడు బావ.

"చూశారు సరే. చూస్తే ఏం కనబడింది?" అంది అక్క. గట్టిగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

బావ రంగు సీసాల పళ్ళెం నా ముందుకు జరిపాడు. "ఇక నువ్వు కలుపు."

"నేనా? నాకు రంగంలోకి దిగడమే తెలుసు బావా, రంగులోకి దిగడం తెలీదు."

"నేర్చుకో."

ఆ తర్వాత ఇంట్లో ఏదో ఉక్కబోత. బావ బండి మీద నా వెనక కూర్చోవడం మొదలుపెట్టాడు. తను నడిపిన రోజున సిగ్నల్ దీపం వైపు చూడకుండా, పక్క బండి కదిలితేనే కదిలాడు. ఉతికిన చొక్కాలు మడతపెడుతూ "ఇది గోధుమరంగే కదూ" అని అక్కని ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగేవాడు. అక్క కళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయించింది. బావ వెళ్ళలేదు.

"ఒక్కసారి చూపించుకుంటే పోయేదేముంది బావా?" అన్నాను.

"డాక్టరు చెప్పేదాకా కొంచెం అనుమానం మిగిలుంటుంది. దాన్ని కూడా లాక్కుంటారా?"

నా దగ్గర సిద్ధంగా ఉన్న జోకు మింగేశాను.

చివరికి లేతపచ్చ నేనే కలపాల్సొచ్చింది. నమూనా డబ్బాలోంచి ఎర తీసి కిటికీ చువ్వకి కట్టాను. ముందు ఆకుపచ్చ చుక్క వేశాను, కలవలేదు. గోధుమరంగు వేశాను, దగ్గరికొచ్చింది. సూదిమొనంత నలుపు తగిలించేసరికి అతికినట్టు సరిపోయింది. ఇంత తేలికైన విద్యకి ఇంత పేరా అనుకుంటూ పోత పోసి కొట్టాయనకి కబురుపెట్టాను.

ఆయన వచ్చి ఎరని వెలుతురుకి పట్టుకుని నిట్టూర్చాడు. "ఇదీ అదే బురదేనయ్యా. మీ ఇంట్లో అందరికీ ఒకేసారి కంటిజబ్బు వచ్చిందా ఏంటి?"

"నమూనాకి సరిగ్గా ఉంది కదండీ" అని దాన్ని విప్పి ఆయన చేతిలో పెట్టాను. పెడుతుండగా నాకే కనబడింది. నమూనా కూడా బురదే.

డబ్బా తెచ్చి మూత తీశాను. బిస్కెట్ల డబ్బా. నమూనాలన్నీ వరసగా, ముద్దుగా, ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. తెల్లదానికి ఎర్రది తగిలిన వైపంతా గులాబీ చారిక. పసుపుకి నల్లని మచ్చ. లేతపచ్చకి ఒకవైపు నలుపు, ఇంకోవైపు ఇటుకరంగు.

"ఇవి కవర్లలో కదా ఉండాలి? ఒక్కోటీ విడివిడిగా?" అన్నాను.

అక్క గుమ్మంలో ఉంది. "కవర్లు చిరిగి దుమ్ముపట్టాయని నేనే తీసేశాను" అంది. అని, డబ్బాలోకి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఈ ప్లాస్టిక్‌లో నూనె ఉంటుంది. ఆనించి ఉంచితే ముదురు రంగు మెల్లగా లేతదానిలోకి పాకుతుంది. అందుకే రెండు రంగులు ఒకే ప్యాకెట్లో పెట్టకూడదని మాకందరికీ తెలుసు. అక్క ఏ ప్యాకెట్లోనూ ఎప్పుడూ పెట్టలేదు. నమూనా డబ్బా కూడా ఒక ప్యాకెట్టేనని మాత్రం ఎవరికీ తట్టలేదు.

బావని పిలిచాను. నమూనా, ఆయన కలిపింది, నేను కలిపింది, మూడూ కిటికీ దగ్గర పెట్టాను. తేడా లేదు.

"నీ కళ్ళు బాగున్నాయి బావా. బురదని కూడా అచ్చు గుద్దినట్టు కలిపావు."

"ఏమంటున్నారు?" అని లోపల్నించి అత్తయ్య.

అక్క వెళ్ళి ఆవిడ మంచి చెవి దగ్గర గట్టిగా చెప్పింది. డబ్బా సంగతి, కవర్ల సంగతి, తప్పు తనదేనని. ఆవిడకి ఈసారి అన్నీ సరిగ్గానే వినిపించాయి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి కొడుకు భుజం పట్టుకుంది. "నా నోరు మంచిది కాదురా. నేననకపోతే నువ్వంత బెంగపడేవాడివి కాదు."

"నువ్వనడం తర్వాతమ్మా" అన్నాడు బావ. "నమూనా తీసినరోజే, ఇది ఇంత మురికిగా ఉండేదా అనిపించింది. డబ్బాలో పక్కవాటి వైపు చూడలేదు. నాన్న గుర్తొచ్చాడు. ఎవరికీ చెప్పకుండా అలాగే కలిపి పంపేశాను."

కొట్టాయన తన పెట్టెలోంచి ఆ పాత ఎరని తీసి బల్ల మీద పెట్టి, కొత్త నమూనాగా ఉంచుకోమన్నాడు. అక్క కవరు తీసుకొచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే బావ దాన్ని తీసుకుని, కిటికీ దగ్గరికెళ్ళి, ముందు ఒక కన్ను మూసుకుని చూశాడు. తర్వాత రెండోది.