పట్టా పైన, పట్టా కింద

ప్లాస్టిక్ పట్టా కింద చెమ్మ ఉంటే నేల తప్పు, పైన ఉంటే గాలి తప్పు, మనిషి తప్పంటూ లేని పరీక్ష ఎంత మర్యాదైనదో అనుకుంటూ ఆమె కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడింది, వంటింటి వెనక అత్తగారి కోసం కొత్తగా కలిపిన గది, కట్టి రెండు నెలలైనా నేల ఇప్పుడే తుడిచినట్టు తడి, ఈ గచ్చు మీద నడిస్తే నా మోకాళ్ళతో పాటు నేనూ పోతాను అని అత్తగారు, ఇంత తడి మా కోడలి కళ్ళలో కూడా చూడలేదు అని మళ్ళీ ఆవిడే, నవ్వొచ్చింది, నవ్వితే ఓడినట్టని నవ్వలేదు, మొన్న మేస్త్రీ నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులకు టేపు అంటిస్తూ, ఇక్కడ తడిబట్టలేమైనా ఆరేస్తున్నారా అమ్మా, అని అడిగితే లేదంది, ఎంత తేలిగ్గా అందో, అడిగినవాడు కూడా అంతే తేలిగ్గా నమ్మాడు.

ఆరేయక ఏం చేస్తుంది, దండెం ఉన్నచోటే గది లేచింది, ఆ సంగతి ప్లాను గీసినవాడికీ తట్టలేదు, కట్టించిన భర్తకీ తట్టలేదు, బట్టలు వాటంతటవే ఆరి, మడతపడి, బీరువాలోకి నడిచి వెళ్తాయని ఆయన నమ్మకం, అందుకే సాయంత్రాలు కిటికీలు బిగించి దుప్పట్లూ పిల్లల యూనిఫారాలూ ఇక్కడే తీగ మీద వేసి పొద్దున్నే తీసేస్తోంది, ఇవాళ తీస్తుంటే పట్టా పైన ముత్యాల్లా చుక్కలు, ఒక్క క్షణం చూసింది, మసిగుడ్డతో శుభ్రంగా తుడిచింది.

ఇప్పుడు మేస్త్రీ టేపు పీకి పట్టా తిరగేసి తల గోక్కుంటున్నాడు, కిందా పొడే, పైనా పొడే, అర్థం కావట్లేదు సార్, అయితే తడి ఆకాశం నుంచి ఊడిపడిందా, అని ఆయన అరుపు, నీ పరీక్షలు నాకొద్దు మేస్త్రీ, కింద మట్టిని దిమ్మిసతో సరిగ్గా కొట్టి గట్టిపరచలేదని ఒప్పుకో, పగలగొట్టి మళ్ళీ వెయ్యి, ముప్పై ఏళ్ళ చెయ్యి సార్ ఇది, ఎవరిచేతా మాట పడలేదు, అన్న మేస్త్రీయే మెడ వంచి తలూపి, సరే సార్, నావల్లే అయ్యుంటుంది, అని గొంతుక్కూర్చుని ఉలి ఆనించాడు.

సుత్తి లేస్తోంది, కాఫీ చల్లారుతోంది, ఆమె చుక్కల్ని దాచింది తడి కోసం కాదు, ఈ ఇంట్లో పాలు పొంగినా, తాళంచెవి పోయినా, పిల్లాడికి మార్కులు తగ్గినా తప్పు నడుచుకుంటూ వచ్చి తన దగ్గరే ఆగేది, ఈ రెండు నెలలూ మాత్రం ఆయన అరుపు తన భుజం పక్కనుంచి దూసుకెళ్ళి ఇంకొకరికి తగిలింది, హాయిగా ఉండింది, కాదనలేదు, కానీ ఆ వంగిన మెడ, చేయని తప్పుకి సరే అంటూ ఊగిన ఆ తల, పదిహేనేళ్ళుగా వంటింట్లో తను ఊపుతున్న తలే అది, ఇవాళ దాన్ని ఇంకొకరి మెడ మీద పెట్టింది తనే, ఆగండి మేస్త్రీ, అంది, ఆ తడి నేను ఆరేసిన బట్టలది.