ఆ మూడు రోజుల చేను

“దీని కాలు పడ్డంకనే చేనుకు పేనుబంక పట్టింది” అన్నది మా అత్త పోశవ్వ, నేను ఆమె కాళ్లకు నీళ్లు పోస్తుండగానే.

మా గోధుమ ఆకుల నిండా పచ్చటి పేలు గుంపులుగా కూర్చుని రసం పీలుస్తున్నాయి. అంతకుముందు నేను బయట కూర్చున్న రోజుల్లో ఒకసారి గట్టు మీదుగా నడిచానట. అదీ నేరం. మా ఆయన రాయమల్లు తల్లి మాట మీద ఇంకో మెట్టెక్కాడు. “ఇగ చేన్ల కాలు పెడితే మీ అవ్వగారింటికే పోతవ్.” పన్నెండేళ్లు ఆ చేనులో కలుపు తీసింది నేను, కంకి కోసింది నేను. నడుము విరిగేలా వంగినన్నాళ్లూ వీళ్లకు నా కాలు కనబడలేదు. పురుగు పట్టగానే కనబడింది.

నెల తిరిగింది. మళ్లీ పెరట్లో గడ్డి కొట్టం, గోనెపట్టా, ఒక సత్తు చెంబు. ఆ మూడు రోజులు నన్ను ఎవరూ ముట్టరు, పిలవరు, వెతకరు. తెల్లవారుతూనే చెంబు పట్టుకుని పోతే ఎటు పోయావని అడిగే దిక్కుండదు. నేను చేనుకే పోయాను. నా కాలు పడితే ఏమవుతుందో నా కళ్లతోనే చూద్దామని, కోపంతో పోయాను.

వాగు పక్క పల్లంలో మంచు ఆలస్యంగా ఆరుతుంది. అక్కడి పేలు కదలడం లేదు. ఆకుకు అంటుకుని చచ్చి ఉన్నాయి, ఒంటినిండా తెల్లటి బూజు. పచ్చడి జాడీలో ఒక మూల బూజు పుడితే ఎంత తొందరగా పాకుతుందో వంట చేసేదానికి తెలియదా? ఈ బూజు ఆకును తినడం లేదు, పేనునే తింటోంది. ఆ ఆకులు కొంగులో నింపుకుని మిట్ట మీదికి మోశాను. పేలున్న మొక్కలకు రుద్దాను, సాళ్ల మధ్య పరిచాను, చెంబుతో నీళ్లు చిలకరించాను. మూడు పొద్దులూ అదే పని. నాలుగో రోజు తలకు పోసుకుని వచ్చి, వాళ్ల అంట్లు తోమాను.

ఆ నెలంతా మంచు కలిసొచ్చింది. బూజు చేనంతా పాకింది.

చుట్టుపక్కల చేలు మాడిపోయి మాదొక్కటే పండిందని తెలిసి, కోతలయ్యాక పంటల సంగతి చూసే సర్కారు మనిషి, గ్రామసేవక్, సైకిలు మీద వచ్చాడు.

“ఏం చేసినవ్ రాయమల్లూ?”

“చిన్నప్పటి సంది చేన్లనే పెరిగినోన్ని సార్. నాకు ఎరుకుండదా?”

“అది సరే. మీ కొయ్యకాళ్ల మీద బూజు పట్టి చచ్చిన పేలు సూసిన. పేనుకు బూజెట్ల పట్టించినవ్?”

మా ఆయన మీసం దువ్వుకున్నాడు. “ఏమే, సారుకు చాయ్ తే.”

చాయ్ ఇచ్చి నేను తలుపు చాటుకు పోలేదు. అక్కడే, గ్రామసేవక్ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“రాసుకో సారూ, చేసింది నేను” అని పల్లం నుంచి మిట్టదాకా అంతా చెప్పాను. అతను రాసుకుంటూ, “ఏ దినాలల్ల చేసినవమ్మా?” అన్నాడు.

మా అత్త కొత్త గోధుమల మొదటి రొట్టె పొద్దున్నే దేవుడి ముందు పెట్టింది. రెండోది మా పక్కనే కూర్చుని అప్పుడే తుంచి నోట్లో పెట్టుకుంది.

“నేను బయట కూసున్న మూడు దినాలు” అన్నాను, ఆమె వైపే చూస్తూ. “వచ్చే ఏడు గూడ గా దినాలల్లనే పోత.”