ఎదురింటి సోఫాలోంచి కొండ

ఉక్కునగరంలో మా క్వార్టరుకి ఎదురు క్వార్టరు గురునాథరావుది. మధ్యలో మెట్ల దగ్గర కాస్త జాగా. అక్కడ మా ఆవిడ నాగమణి వేసిన ముగ్గు వాళ్ళ గడప దాకా పాకిందని గురునాథరావు భార్య గౌరీశ్వరి దెబ్బలాడింది. పోయిన ఏడాది నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మగాళ్ళం మాత్రం కలిసే డ్యూటీకి పోతాం.

గురునాథరావుకి ఈమధ్య రంగుల పిచ్చి పట్టింది. ఫ్రాన్సులో ఎవరో ఎప్పుడో వేసిన సముద్రపు కొండల బొమ్మని ఫోనులో చూసి, తలుపంత గుడ్డ మీదకి దించి, హాల్లో గుమ్మానికి ఎదురుగోడకి తగిలించాడు. నున్నగా గీయకూడదట. రంగు ముద్దలు ముద్దలుగా పెట్టి వదిలేస్తే, దూరం నుంచి ఆ ముద్దలే కొండవుతాయట. బాగానే ఉంది, వాళ్ళ హాల్లో దూరం ఎక్కణ్ణుంచి వస్తుంది? సోఫా, మంచం, ఫ్రిజ్ పోగా మనిషి తిరగడమే కష్టం. అంత దగ్గర నుంచి అది గోడకి చెమ్మ పట్టినట్టుంటుంది. గౌరీశ్వరి ఆ మాటే అనేసింది. పెళ్ళాం ఒక్కసారి బాగుందంటే చాలని నడుం పడిపోయేలా వేసిన మనిషి అతను. నాకు ఒళ్ళు మండింది గాని, ఎదురింటి ఆడమనిషిని నేనేం అనగలను.

అసలు సంగతి మాకే తెలుసు. రెండిళ్ళ తలుపులూ తీసి ఉంటే, మా సోఫాలోంచి ఆ బొమ్మ అద్భుతం. కొండ నిటారుగా లేచి ఉంటుంది, కింద నీళ్ళు తెల్లగా విరుగుతుంటాయి. మా ఆవిడ సీరియల్ మానేసి దాన్నే చూసేది. అడిగితే గాలి కోసం తలుపు తీశాననేది.

ఆదివారం మేమిద్దరం మా సోఫాలో ఉండగా, గురునాథరావు స్టూలెక్కి దాన్ని దించబోతున్నాడు.

"మా ఊరు పద్మనాభం అట్టుకెల్లిపోతాను బావ. పశువుల సాలకి పరదాగా పనికొత్తాది."

నవ్వుతూనే అన్నాడు గాని, బొమ్మ మీంచి చూపు తియ్యలేదు. నాకు జాలేసింది. మా ఆవిడకి భయమేసింది. లేచి వెళ్ళి వాళ్ళ గడప ముందు నిలబడింది.

"గౌరీ, ఒక్కపాలి మా ఇంటికొచ్చి కూకో. అప్పుడు దించుదురుగాని."

గౌరీశ్వరి ముగ్గు తొక్కకుండా దాటుకుని వచ్చింది. మా సోఫాలో కూర్చుంది. తలెత్తి తమ ఇంటికేసి చూసింది. అవతల గురునాథరావు బొమ్మ అంచు పట్టుకుని స్టూలు మీదే నిలబడిపోయాడు.

"ఇక్కణ్ణించి సూత్తే మా ఇల్లు ఇంత బాగుంటాదేటి?" అంది మా ఆవిడతో. తర్వాత మొగుడికి వినపడేలా గొంతు పెంచింది. "నువ్వు కాస్త తప్పుకో. కొండకి అడ్డొత్తన్నావ్."

తప్పుకోమంటే అంత సంతోషపడిన మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు సాయంత్రాలు మా సోఫా ఆడవాళ్ళిద్దరిదీ. నేనూ గురునాథరావూ వాళ్ళ హాల్లో, కొండకి అడ్డు రాకుండా, కింద కూర్చుని టీ తాగుతాం.