ఏడో రాయి

మక్తల్‌లో నూరుద్దీన్ ఇంటి ముందరి, బండ్లు బాగుచేసే రేకుల కొట్టం రోజూ ఒకే తీరుగా తెరుచుకునేది. హనీఫా వాకిలి ఊడ్చేది. ఆమె భర్త నూరుద్దీన్ గోనెసంచి పరిచి దాని మీద పానాలు వరుసగా పేర్చుకునేవాడు. తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆ ఇంటికి ఇంకో పని తోడైంది. హనీఫా తమ్ముడు మెహమూద్‌కు జొన్నరొట్టెలు మూటగట్టి పంపడం.

పందొమ్మిదేండ్ల మెహమూద్ పడమట నాలుగు మైళ్ల అవతల లచ్చయ్య చేనులో బావి తవ్వే పనికి కుదిరాడు. ఇన్నాళ్లూ పైన నిలబడి గిరక లాగాడు. ఆ రోజే మొదటిసారి లోపలికి దిగాలి.

"తూటలు పేలినంక పొగ పోనియ్. పగటాల్ల రొట్టె తిన్నంకనే దిగు" అన్నది హనీఫా.

"కాటమయ్యన్న లెక్క సరిపోయిందంటెనే దిగుతం ఆపా. నేనేమన్న పాలు తాగే పోరన్నా?"

ఆ లెక్క బావి మేస్త్రీ కాటమయ్యది. బండ పగలగొట్టే మందు తూటలు ఎన్ని ముట్టిస్తే అన్ని గులకరాళ్లు గుప్పిట్లో పట్టుకుని బావి గడ్డ మీద నిలబడాలి. ఒక్కొక్క తూట పేలినప్పుడల్లా ఒక్కొక్క రాయి కింద పడెయ్యాలి. గుప్పిలి ఖాళీ అయితేనే మనుషులు దిగాలి. ఒక్క రాయి మిగిలిందంటే పేలని తూట లోపల ఉన్నట్టే. మర్నాటి దాకా ఆ బావిలో ఎవరూ కాలు పెట్టరు.

పదకొండు దాటింది. కాటమయ్య తన జపాన్ మోటారు సైకిలును నెట్టుకుంటూ చెమటలతో కొట్టంలోకి వచ్చాడు. దాన్ని హైదరాబాదులో వేలంలో కొని ఇంకా నెల కాలేదు.

"నూరుద్దీన్ భాయ్, క్లచ్ సచ్చిపోయింది. పొద్దున గట్టిగనే ఉండె. తొవ్వల మెత్తబడుకుంట వచ్చి బస్టాండు కాడ పట్టు ఇడిసింది. జల్ది వైరు మార్చు."

నూరుద్దీన్ బండి చుట్టూ తిరిగి హ్యాండిల్ మీది చిన్న డబ్బా మూత తీశాడు. "దీనికి వైరు లేదన్నా. జీపు లెక్క నూనె పైపు. లోపల గాలి చేరింది. తియ్యాలె."

కాటమయ్య చెయ్యి తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. "గాలా?"

నూరుద్దీన్ కొట్టంలో గాలి తీయించుకోవడమంటే ఏమిటో ఊరందరికీ తెలుసు. బండి మీద మింగిన మాట నూనె పైపులో గాలై కూర్చునేది. సీసాలో బుడగై పగిలినప్పుడు ఆ మనిషి గొంతుతోనే బయటికి వచ్చేది. కిందటేడు విత్తనాల దుకాణం రామచంద్రం జీపులోంచి "నీ వంకాయ కూర నోట్ల పెట్టలేం సుగుణా" అని పన్నెండేండ్ల నాటి బుడగ పగిలింది. పక్కనే కూర్చున్న సుగుణమ్మ లేచి నేరుగా నారాయణపేట బస్సెక్కింది. అప్పట్నుంచి జీపులవాళ్లు ఏదైనా మాట మింగాలంటే బండి దిగి మింగేవారు. మోటారు సైకిళ్లవాళ్లకు ఆ ఫికర్ లేదు. వాటికుండేవి వైర్లు.

"తియ్యకుంట నడ్వదా?" అన్నాడు కాటమయ్య.

"నడ్వది."

"అయితే రేపు సూద్దం తియ్."

"రేపేందన్నా? నువ్వు లేకుంటె బావి కాడ మావాన్ని ఎవలు సూస్తరు?" అంటూ హనీఫా వచ్చి క్లచ్ లివరు పట్టుకుంది. గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. లివరు ఎప్పుడూ ఆమెదే, కింద పానా అతనిది.

"నేను లేకున్నా దిగుతరు చెల్లె. లెక్క చెప్పే వచ్చిన. ఏడుకు ఏడు."

నూరుద్దీన్ సన్నని గొట్టం ఒక కొస, క్లచ్ కింద గాలి వదిలే నిప్పల్‌కు తొడిగి, రెండో కొస నూనె సీసాలో ముంచాడు. "కొట్టు... పట్టుకో" అన్నాడు. నిప్పల్ విప్పి, బిగించి, "వదులు" అన్నాడు.

మొదటి బుడగ పగిలింది. "అబ్బ, నడుము!"

హనీఫా నవ్వింది. రెండోది పగిలింది. "గీ బండి కొనకపోతె బాగుండు."

"జపానోళ్లకు చెప్తంలే అన్నా" అన్నాడు నూరుద్దీన్. "కొట్టు. పట్టుకో."

మూడోది చిన్న బుడగ. "ఆరే విన్న."

హనీఫా చెయ్యి లివరు మీద అట్లాగే ఆగిపోయింది. "ఏం ఆరు?"

"ఏమో... ఎప్పటి మాటనో."

నూరుద్దీన్ తలెత్తకుండా నిప్పల్ ఇంకోసారి విప్పాడు. నాలుగో బుడగ పగిలింది. "రెండు కలిసి పేలినయేమో." ఆ వెంటనే ఇంకో బుడగ. "ఒక రాయి మిగిలె."

హనీఫా కాటమయ్య జేబు వైపు చూసింది. అతను రాయి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. రేగుపండంత ఉంది.

"కిక్కు లేకుంట బండి ఎట్ల లేస్తదో కూలోళ్లకు సూపిస్తున్న" అన్నాడు. "గా సప్పుట్ల సరిగ్గ వినలే. విన్లేదని అంతమంది ముందట ఎట్ల చెప్పాలె?"

కాటమయ్య బండి మీదికి ఎగిరాడు. "దా భాయ్, పోదాం!"

"క్లచ్ లేనిది గేరెట్ల పడ్తది?" అని అరిచాడు నూరుద్దీన్. "హనీఫా, కొట్టు!"

ఆమె కొట్టింది. లివరు మీద పట్టు వదల్లేదు. బుడగలు ఒకదాని మీద ఒకటి పగిలాయి. "చెప్పాలె." "వాపస్ పోయి చెప్పాలె." "ఇప్పుడేమని చెప్పాలె." "మెహమూద్ దిగుతడేమో." ఆ తర్వాత సీసాలోకి ఒట్టి నూనె వచ్చింది. లివరు రాయిలా గట్టిపడింది.

బండి ఇద్దరినీ ఎక్కించుకుని వీధి మలుపు తిరిగింది.

హనీఫా సీసా ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. రొట్టె తిన్నాకనే దిగమన్నాను కదా అనుకుంది. ఇంకా మసీదులో పగటి అజా కాలేదు, రొట్టె వేళ కాలేదు. అట్లా తనకు తాను పదే పదే చెప్పుకుంటూ పావుగంట గడిపాక పడమటి నుంచి వచ్చింది చప్పుడు. దబ్బుమని, ఒక్కటే. సీసాలో నూనె కదిలింది. అది ఏడోదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఎంతసేపు అట్లా కూర్చుందో తెలియదు. అజా అయిపోయింది. వీధిలో బండి ఆగితే తల ఎత్తలేదు. ముందు ఆమెకు రొట్టెల మూట కనిపించింది. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"తినకుంటనే దిగిన ఆపా." మెహమూద్ ముఖమంతా రాతిదుమ్ము. పెదవులు తెల్లబడి ఉన్నాయి. "అందరికన్న ముందట నేనే దిగిన. సగం నిచ్చెన కాడ ఉన్న, కాటమయ్యన్న 'ఆరే, ఆరే' అని ఒర్లుకుంట వచ్చిండు. నేను పైకెక్కి అందరం దూరం ఉర్కినం. ఎనుకకెల్లి గడ్డ మీది బండ ఒకటి జారి లోపల పడ్డది. అంతే, ఏడో తూట పేలె."

హనీఫా ఆ మూట మెహమూద్ వీపు మీదేసి కొట్టింది. ఒకసారి కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది. అతను కదలకుండా నిలబడ్డాడు. నూరుద్దీన్ అడ్డం రాలేదు.

కాటమయ్య లోపలికి రాలేదు. వాకిట్లో బండి చప్పుడు ఆపి, గుప్పిలి ముందుకు చాచి విప్పాడు. రాయి ఆమె ఊడ్చిన నేల మీద పడింది. అంత చిన్న చప్పుడు కూడా అందరికీ వినపడింది.

"ఏడు" అన్నాడు.