చెర్రీ పళ్ళ గౌను

మూడో అంతస్తు పిల్ల ఆదివారం ఆదివారం చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ పోతోందంటే, ఎవడో పెళ్ళయినవాడు తగులుకున్నాడనే అర్థమట. ఈ మాట అన్నది కింది వాటాలో ఉండే కురాహషి గారు. దాన్ని చిహారు చెవిన వేసింది మాత్రం వరాబి స్టేషన్ పక్కన జుట్టు కత్తిరించే ఆవిడ. అదీ తల కడిగే కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, నోరు తెరిస్తే నురగ లోపలికి పోయే అదను చూసి మరీ వేసింది.

"నేననలేదమ్మా, ఆవిడే అంది. వెళ్ళేటప్పుడు బూడిదరంగు కోటు, వచ్చేటప్పుడూ అదే కోటేనట. బుగ్గల మీద మాత్రం తుడిచేసిన రంగు మరక ఉంటుందట. 'నా కళ్ళేం పోలేదు' అంది. ముప్పై ఆరేళ్ళొచ్చిన మనిషికి ఎవడో ఒకడుంటే నీకేం నొప్పి అని నేనే గడ్డి పెట్టాను."

చిహారు నవ్వింది. అదే నిజమైతే ఎంత బావుండును అనుకుంది లోపల. మొగాడి గొడవైతే ఎవరితోనైనా చెప్పుకుని ఏడవచ్చు. "వెధవ, పోతే పోయాడు" అని వీపు నిమిరేవాళ్ళు దొరుకుతారు. కవల పోయింది అంటే ఎవరికి అర్థమవుతుంది?

చిహారు, మిగివా టోక్యోలో వింత వేషాల కుర్రకారు చేరే హరాజుకులో కవలలు. ఒక కడుపున పుట్టినవాళ్ళు కారు. ఒకే గౌను రెండు కొనుక్కుని, ఒకే బూట్లు, ఒకే రిబ్బను, చివరికి కనుబొమలు కూడా ఒకే వంపులో దిద్దుకుని పక్కపక్కన నడిచే జంట. ఆ వీధుల్లో అలాంటి జంటలకు కొదవ లేదు. ఇద్దరూ అక్కడే పరిచయమయ్యారు, ఒకే గౌను కోసం ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపిన రోజున. "నువ్వు తీసుకో" "కాదు నువ్వే" అని కాసేపు మర్యాదలు పోయి, ఆఖరికి దుకాణంవాళ్ళ చేత లోపలినుంచి ఇంకొకటి తెప్పించుకున్నారు. ఆనాటినుంచి ఏది కొన్నా రెండే.

శనివారం సాయంత్రం లాండ్రీ దుకాణంలో పని ముగించుకుని వచ్చి, చిహారు మర్నాటి బట్టలు మంచం మీద పరిచి ఫోటో తీసి పంపేది. మిగివా జవాబు రాసే రకం కాదు. ఫోటో చూసినట్టు పక్కన గుర్తు పడేది. గుర్తు పడిందంటే సరే అన్నట్టే. తెల్లారేసరికి హరాజుకు స్టేషన్ పక్కన జింగూ వంతెన మీద అచ్చు అదే వేషంలో నిలబడి ఉండేది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

ఈ వసంతంలో తేడా వచ్చింది. మిగివా మొదట ఆఫీసులో పని అంది. తర్వాత అమ్మకు మోకాలు బాగోలేదంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. అయితే శనివారం ఫోటో పంపగానే గుర్తు మాత్రం పడుతూనే ఉంది, ఒకప్పటికన్నా తొందరగా కూడా. చిహారు ఆ గుర్తును పట్టుకుని వేలాడింది. మనసు విరిగిన మనిషైతే తెరిచి చూస్తుందా? ఈ వారం కాకపోతే వచ్చే వారం వస్తుంది. తను వెళ్ళకపోయి, అది వచ్చి వంతెన మీద ఒంటరిగా నిలబడితే? ఆ భయంతోనే వేసవి ఎండల్లోనూ, సెప్టెంబరు తుపాను గాలిలోనూ ఒక్క ఆదివారం మానలేదు.

నవంబరు వచ్చింది. ఆ శనివారం చిహారు బుర్ర పెట్టి ఒక ఎత్తు వేసింది. ఎర్ర చెర్రీ పళ్ళ నల్ల గౌను. మేజోళ్ళు మాత్రం ఒక కాలికి ఎరుపు, రెండో కాలికి తెలుపు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే నాలుగు కాళ్ళూ ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు. వంటింటి గళ్ళ తువ్వాలు చించి తలకు రిబ్బను కుట్టింది. ఇలాంటిది చూసి ఇంట్లో కూర్చోగలదా అది? ఫోటో పంపింది. టీ చల్లారకముందే గుర్తు పడింది.

ఆదివారం స్టేషన్ మరుగుదొడ్డిలో అద్దాల ముందు ఎప్పటిలాగే ఆడపిల్లల తోపులాట. అందరూ ఇంటినుంచి మామూలు బట్టల్లో వచ్చి అక్కడ మారేవాళ్ళే.

"అక్కా, కాస్త ఈ జిప్పు లాగవా. ఊపిరి బిగబట్టానులే, లాగెయ్యి," అంది ఒక బడిపిల్ల.

చిహారు లాగింది.

"నీ కాళ్ళేంటక్కా, చీకట్లో తొడుక్కున్నావా?"

"జంట పక్కనుంటేనే అందం తెలుస్తుంది."

"ఏదీ జంట?"

"వస్తోంది."

వంతెన మీద మధ్యాహ్నం దాకా నిలబడింది. కవలల్లో ఒకరు ఒంటరిగా నిలబడితే ఆ వేషానికి అర్థం ఉండదు. పోయేవాళ్ళు ముందు గౌను చూసి నవ్వుతున్నారు, తర్వాత కాళ్ళు చూసి ముఖం తిప్పుకుంటున్నారు. వంతెన అవతలి గుడి అడవి వైపు నుంచి చలిగాలి కుచ్చుల్లోకి దూరుతోంది. రైలు వచ్చినప్పుడల్లా మెడ సాచడం, గుంపు పల్చబడ్డాక దించుకోవడం. ఆకలికి కడుపులో పేగులు అరిస్తే తకెషితా వీధిలోకి దిగింది.

క్రీము అట్లు పోసే అతను ఆమెను చూసి గరిటె ఊపాడు. "ఇవాళా ఒకటేనా? రెండో అమ్మాయికి ఇంకా జలుబు తగ్గలేదా?"

"తగ్గుతోంది."

"ఆ జలుబుకి పెళ్ళిచేసి పంపెయ్యండమ్మా, ఇన్నాళ్ళా," అంటూ అట్టు పొట్లం చుట్టి ఇచ్చాడు.

పొట్లం పట్టుకుని గుంపు ఎటు తోస్తే అటు నడిచింది. వీధి చివర, మెయిజీ రోడ్డు మలుపులో, ముందు కనిపించింది గళ్ళ రిబ్బను. తర్వాత నల్ల గౌను, ఎర్ర చెర్రీలు. వెనకనుంచైనా ఆ మెడ వంపు చిహారుకు తెలుసు. వచ్చింది, ఇదిగో వచ్చింది, వంతెన దగ్గర జనంలో తప్పిపోయి ఉంటుంది. జనాన్ని తోసుకుంటూ నాలుగడుగులు వేశాక కాళ్ళు కనపడ్డాయి. ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు.

మిగివా పక్కన అదే వేషంలో ఇరవై ఏళ్ళ పిల్ల ఉంది. ముందు తిరిగింది ఆ పిల్లే.

"మిగివక్కా, చూడు చూడు. ఈవిడా అచ్చం మనలాగే," అంటూ చిహారు చేతులు పట్టేసుకుంది. చిన్న పిల్ల చేతులు, వెచ్చగా ఉన్నాయి. "నా పేరు నోనోకా. మీకు ఈ మేజోళ్ళ ఉపాయం ఎక్కడ దొరికిందండీ? మా అక్కకి ఎవరో శనివారం శనివారం పంపుతారు. మేం రాత్రి కూర్చుని అన్నీ సమకూర్చుకుంటాం. ఆ రిబ్బను గుడ్డ దొరక్క నిన్న ఎంత తిరిగామో. భలే బుర్రండీ ఆ మనిషిది."

"ఎవరట?" అంది చిహారు.

"ఎవరో పాత పరిచయంట. ఎవరక్కా ఆవిడ?"

మిగివా సిగ్నల్ దీపం వైపు చూస్తోంది. దీపం పచ్చగా మారింది, ఎర్రగా మారింది. ముగ్గురిలో ఎవరూ రోడ్డు దాటలేదు. చిహారు చేతిలో పొట్లం వేడికి క్రీము కరిగి వేళ్ళమీదుగా కారుతోంది. తిట్టాలని లేదు ఆమెకు. వసంతంనుంచి మింగిన మాటలేవీ గుర్తుకు రాలేదు. "ఏమే" అని ఒక్కసారి పిలిస్తే చాలు, మిగతాది అడగనే అడగదు.

"అబ్బబ్బ, ఆగండాగండి, కదలకండి." కెమెరా మెడలో వేసుకున్న అతను జనంలోంచి దూసుకొచ్చాడు. ఆ మలుపులో నిలబడి దారిన పోయేవాళ్ళ బట్టలు ఫోటో తీసి పత్రికకి ఇచ్చేవాళ్ళలో ఒకడు. "జంటల్ని చూసీ చూసీ విసుగొచ్చింది. ముగ్గుర్ని ఎప్పుడూ తియ్యలేదు. వరసగా రండి. పెద్దావిడా, మీరు ఇటు చివరికి."

నోనోకా నవ్వుతూ మిగివాను లాగి నిలబెట్టింది. చిహారు అట్టు పొట్లాన్ని వీపు వెనక దాచుకుంది. చివర ఖాళీ ఉంది. మిగివా తెల్ల కాలి పక్కన తన ఎర్ర కాలు పెడితే వరస ఎక్కడా తెగదు. అరడుగు ముందుకు వేసింది. మిగివా వాడే సబ్బు వాసన తగిలింది, అదే సబ్బు, మార్చలేదు.

అతను కెమెరా కంటికి ఆనించి, మళ్ళీ దించాడు. "కింద పేర్లు వెయ్యాలి కదా, అందుకడుగుతున్నా. ముగ్గురూ కలిసే వచ్చారు కదండీ?"

నోనోకా మిగివా ముఖంలోకి చూసింది. చిహారు కూడా చూసింది.

"ఆవిడ మాతో రాలేదండీ," అంది మిగివా. "మేం ఇద్దరమే."